ఇంగ్లండ్ ఓడిన సాయంత్రం

ఐర్లండ్ పడమటి తీరంలో పుట్టిన డింప్నా హెవరిన్ నర్సు ఉద్యోగం కోసం కొవెంట్రీ వచ్చి, అక్కడే రిటైరైంది. ఇంగ్లండ్‌లో ఎన్నేళ్లున్నా ఒక్క పట్టుదల మాత్రం వదల్లేదు. ఫుట్‌బాల్‌లో ఇంగ్లండ్ మీద ఎవరు ఆడితే వాళ్లదే ఆమె పక్షం.

ఆ ఏడు ఇంగ్లండ్ ఫైనల్‌కు వచ్చింది. పక్కింటి విల్ఫ్రెడ్ భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు కదా అని, డింప్నా ఆపిల్ కేకు పట్టుకుని ఆయనింటికే ఆట చూడ్డానికి వెళ్లింది. ఇంగ్లండ్ పెనాల్టీల్లో ఓడిపోయింది. సంతోషంతో కేక గొంతుదాకా వచ్చింది గానీ, ఆయన మొహం చూసి మింగేసింది.

"మీవాళ్లంతా పండగ చేసుకుంటుంటారు కదూ?" అన్నాడాయన. "నిజంగా అడుగుతున్నా డింప్నా, అసలు మేం మీకేం చేశాం?"

వెటకారమనుకుని ఆమె చివాలున తలెత్తింది. కాదు, ఆయనకు నిజంగానే తెలియదు. టీవీ ఆపి, టీ పెట్టి, అమ్మమ్మ నోట విన్నదంతా చెప్పింది. ఐర్లండ్ ఇంగ్లండ్ ఏలుబడిలో ఉన్న రోజుల్లో బంగాళాదుంప పంట కుళ్లి జనం ఆకలితో చచ్చిపోతుంటే ధాన్యం ఓడలకెక్కి ఇంగ్లండ్ వెళ్లిందనీ, కౌలు కట్టలేని అమ్మమ్మ వాళ్ల అవ్వను ఇంగ్లీషు భూస్వాములు పిల్లలతో సహా ఇంట్లోంచి గెంటేశారనీ చెప్పింది.

"బళ్లో ఈ ముక్క మాకు ఒక్కరూ చెప్పలేదమ్మా," అన్నాడు విల్ఫ్రెడ్. టీ ముట్టలేదు.

అంతలో ఊర్నుంచి తమ్ముడి ఫోన్. "అక్కా, చూశావా! ఓడి చచ్చారు!" అని ఒకటే కేకలు.

"అరవకురా," అంది డింప్నా. "ఇక్కడ పెద్దాయన బాధలో ఉన్నాడు."

ఫోన్ పెట్టేసి, చల్లారిన టీ పారబోసి, ఆయనకు వేడిగా మళ్లీ పోసింది.