వీపు మీద వార్డరు

మేస్త్రీకి జైలంటే భయం లేదు, గోడ లేని జైలంటేనే భయం. జీవితమంతా గోడలు కట్టినవాడు మరి. తాగిన మైకంలో కొట్లాటకి దిగి ఒక మనిషి ప్రాణం తీశాడు. ఏళ్ల తరబడి నాలుగు గోడల మధ్య బుద్ధిగా ఉన్నాక ఈ ఓపెన్ జైలు తోటకి పంపారు. ఇక్కడ సరిహద్దంటే సున్నం పూసిన రాళ్ల వరసే. వార్డరు వెంట లేకుండా అది దాటితే పారిపోయినట్టే; మళ్లీ పాత జైలు, మళ్లీ మొదటికి. వచ్చే నెలే విడుదల. భార్య మొన్న వచ్చి చేతులు పట్టుకుని మరీ చెప్పింది: "నీకు దణ్ణం పెడతా, ఈ నెల్లాళ్లూ తల దించుకునుండు. దేంట్లోనూ వేలు పెట్టకు."

వార్డర్లు ఒకప్పుడు నలుగురు. ఒకరు రిటైరయ్యారు, ఇద్దరు బదిలీ అయ్యారు. వాళ్ల బదులు పైవాళ్లు పంపింది ఒట్టి హామీలే. మిగిలిన ముసలాయన బలమంతా మెడలోని విజిలే. అది మోగితే ఖైదీలు ఎక్కడివాళ్లక్కడ కూర్చుని చేతులు తలమీద పెట్టుకోవాలి.

ఆ మధ్యాహ్నం టమాటా మడి గట్టున వార్డరు గుండె పట్టుకుని కూలిపోయాడు. పక్కనున్నది మేస్త్రీ ఒక్కడే. ఎవరైనా పరిగెత్తుకొస్తారని విజిల్ తీసి గట్టిగా ఊదాడు. తోటంతా ఠక్కున కూర్చుంది.

"కూర్చుంటారేంట్రా! అయ్యగారు పడిపోయారు, రండి!"

"లేస్తే మా మెడకే చుట్టుకుంటుందన్నా," అన్నాడొకడు తలమీంచి చేతులు తియ్యకుండానే. "నువ్వూ కూర్చో."

ఏం క్రమశిక్షణ! చూసి మెచ్చుకోవడానికి పై అధికారి ఒక్కడూ లేడు. ఫోనున్న ఆఫీసుకి తాళం, తాళంచెవి సెలవు పెట్టిన గుమాస్తా జేబులో.

ఆస్పత్రి రాళ్ల అవతల, రోడ్డు చివర కనిపిస్తూనే ఉంది. మేస్త్రీ రాళ్ల దాకా పరిగెత్తి ఆగిపోయాడు. భార్య ముఖం కళ్లముందు మెదిలింది. అప్పుడు తట్టింది: దాటకూడనిది వార్డరు వెంట లేకుండా కదా? వెనక్కొచ్చి ముసలాయన్ని వీపుకెత్తుకున్నాడు.

"అయ్యా, మీరు నా వెంటే ఉన్నారు. గుర్తుపెట్టుకోండి. ఊపిరి తియ్యండి, మీకు పుణ్యముంటుంది."

చెవి పక్కన సన్నగా ఊపిరి తగులుతుంటే నడిచాడు. తగలకపోతే పరిగెత్తాడు. ఈయన వీపు మీదే పోతే చంపింది నేనేనంటారు, అనుకుని భయంతో ఏడ్చేశాడు.

ఆస్పత్రి మెట్ల దగ్గర నర్సు వార్డరుని స్ట్రెచర్ ఎక్కించింది. "బతికే ఉన్నాడు. నువ్వు బయటుండు," అని తలుపేసింది.

బయట. ఆ మాటకి మేస్త్రీ తల తిప్పి చూశాడు. చుట్టూ రోడ్డు, బస్సులు, తనని పట్టించుకోని జనం. ఇన్నేళ్లలో మొదటిసారి వెంట ఎవ్వరూ లేరు. విజిల్ ఇంకా గుప్పిట్లోనే ఉంది. బలంకొద్దీ ఊది, మెట్ల పక్కన నేలమీద కూర్చుని, చేతులు తలమీద పెట్టుకున్నాడు.

ఎవరూ రాలేదు. మళ్లీ ఊదాలంటే చెయ్యి దించాలి. దించడానికి భయమేసింది.