బురుజు కింద ఒడిబియ్యం

ఊళ్ళు దోచే తుపాకులవాళ్ళు వరంగల్ అవతలి ఒక ఊరిమీద పడ్డ రోజున నా పెనిమిటి అక్కడ కూలికి పోయి ఉన్నాడు. తిరిగి రాలేదు. పారిపోతుంటే చచ్చాడని మా రఘునాథపల్లిలో కొందరు నా ముఖంమీదే అన్నారు. ఆ మాట పడలేక మరుసటి ఏడు రైలెక్కి, వరంగల్‌లో దిగి, ఎడ్లబండి పట్టుకుని ఆ ఊరు పోయాను.

చనిపోయినవాళ్ళ గుర్తుగా బురుజు కింద గద్దె కట్టారు. దానిమీద తల ఆనించి ఏడ్చాను. నా ఏడుపు విని ఒక ముసలమ్మ వచ్చింది.

"ఎవలు బిడ్డా నువ్వు?"

రఘునాథపల్లి నుంచి వచ్చిన కూలిమనిషి పెళ్ళాన్నని చెప్పాను.

"మల్లయ్య పెండ్లామా! గీ బురుజెక్కి వడిసెలతోని రాళ్ళిసిరిండు బిడ్డా. మేమంత పిల్లలను తీస్కొని చేన్లల్ల పడేదాంక దిగలే. దిగు కొడుకా అంటె ఇనలే, మొండోడు!"

"ఇంట్ల గూడ గంతే, అవ్వా" అన్నాను. ఏడుస్తూనే ఇద్దరం నవ్వాం.

ఆమె ఇంట్లోకి పోయి, పసుపు కలిపిన బియ్యం చాటలో తెచ్చి, ఒడి పట్టమంది. నేను వెనక్కి జరిగాను. ఒడిబియ్యం పుట్టింటివాళ్ళు ఆడబిడ్డకు పోస్తారు, అదీ ముత్తైదువకే.

"ముండమోసినదాన్ని. నాకెట్ల పోస్తవ్ అవ్వా?"

"వాడు ఈ ఊరికి పానమిచ్చిండు. నువ్వు ఈ ఊరి ఆడిబిడ్డవు. పట్టు!"

ఒడి పట్టాను. ఆ బియ్యం మా ఊరు తెచ్చి వండి, పారిపోతూ చచ్చాడన్నవాళ్ళందరినీ పిలిచి వడ్డించాను. ఎక్కడివని అడిగారు.

"మా ఆయన నిలబడ్డ ఊరివి. తినుండ్రి" అన్నాను.