గచ్చు మీద గీసిన కత్తి

మంగళవారం. తెల్లారినప్పటి నుంచి ముసురు. షెడ్డు రేకు కారుతుంటే లేతు మిషను మీద పట్టా కప్పాను. అప్పుడే మా మేస్త్రి గారి కోడలు వచ్చి, ఆయన పోయారని చెప్పింది. నేను రోజూ రాసుకునే పుస్తకంలో ఈ పేజీ మాత్రం చదివే మీ అందరి కోసం.

ఆయన నాకు పని నేర్పిన మనిషి. జీడిపిక్కలు కోసే, కాలితో తొక్కే మిషన్లు చేసేవాళ్లం. లోపలి పప్పు విరగకుండా పెంకు మాత్రమే తెగేలా కత్తికి ఓ వంపు ఆయనే కనిపెట్టారు. కాగితం వాడేవారు కాదు. సుద్దముక్కతో గచ్చు మీద గీసి, రేకు పరిచి సరిచూసుకుని, పనయ్యాక కాలితో చెరిపేసేవారు. పక్క ఊళ్ల షెడ్ల వాళ్లు చూడటానికొస్తే జరిగి చోటిచ్చేవారు.

"సూసుకోండ్రా, నాకేటి తరిగిపోద్ది?"

తర్వాత విదేశీ మిషన్లు దిగాయి. ఓ జీడిపప్పు బట్టీలో ఒకదాన్ని విప్పి ఉంచితే ఇద్దరం వెళ్లాం. ఆయన దాని కత్తి మీద బొటనవేలు ఆనించి అంచు వెంట జరిపారు. అదే వంపు. ఎవరు ఎవరిని చూసి చేశారో నాకు తెలీదు.

"నీ మిషన్లకి పదిమంది ఆడోలు కావాల మావా. దీనికి ఇద్దరు సాలు," అన్నాడు బట్టీ యజమాని.

"మిగతా ఎనిమిది మందీ ఏటి తిని బతుకుతారురా?"

అతను ఫోను చూసుకున్నాడు.

మిషన్ల మీద దిగుమతి సుంకం పెంచమనీ, మా కత్తికి పేటెంటు ఇమ్మనీ ఆయన చెబుతుంటే నేను అర్జీలు రాశాను. సుంకం సంగతి పరిశీలిస్తామని ఒక్క ఉత్తరం వచ్చింది, అంతే. పేటెంటు వాళ్లు మొదటి డ్రాయింగు అడిగారు.

"ఆలకి గచ్చు తవ్వి పార్సిలు సెయ్యమంటారేటిరా?" అని నవ్వారు మేస్త్రి.

ఇన్నేళ్లుగా అందరూ బాహాటంగా వాడుతున్నది కాబట్టి, డ్రాయింగున్నా ఇక పేటెంటు రాదని తర్వాత తెలిసింది. ఆ రోజు నవ్వలేదు. "దాసుకోవాలని నాకెవులూ సెప్పలేదురా," అన్నారు. ఆర్డర్లు ఆగిపోయి, ఏడాది తిరక్కుండా షెడ్డులో ఫిట్టర్లంతా వెళ్లిపోయారు. చట్టం మారుతుందా అని ఆయన పోయేదాకా అడుగుతూనే ఉన్నారు. నాకు నమ్మకం లేదు. ఆ మాట ఆయనతో అనలేదు.

ఈ సాయంత్రం పాడె వెళ్తుంటే, ఆ బట్టీలో పని పోయిన ఆడవాళ్లు వీధి చివర వానలో నిలబడి దణ్ణం పెట్టారు. ఏడాది పొడుగునా జీడి రసంతో నల్లగా ఉండే చేతులు. ఒక్క వేలికీ నలుపు లేదు.