లక్ష్మీకాంతం గారి నూలు చట్టం

సర్రీలో రైలు పట్టాల పక్కన ఒక షెడ్డు ఉంది. ఎవరికి ఎలాంటి రబ్బరు జిగురు కావాలన్నా, వాళ్లు చెప్పిన పాళ్లలో రబ్బరును ద్రావకంలో కరిగించి డ్రమ్ముల్లో పోసి పంపడం అక్కడి పని. ఆ కరిగించే గదికి పదకొండేళ్లుగా లక్ష్మీకాంతం గారే సర్వాధికారి. ఒకప్పుడు ఏలూరులో ఆడపిల్లల కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పనిచేశారు. మనిషి ఐదడుగులకు తక్కువే గానీ, గొంతు గోడలు దాటి వినిపిస్తుంది.

ఆవిడకు పాలియెస్టర్ బట్టలంటే పగ. ఆ బట్టల రాపిడికి పుట్టే చిన్న రవ్వ ద్రావకం ఆవిరికి తగిలితే షెడ్డంతా పేలిపోతుంది. అందుకే ఆ గదిలోకి నూలు బట్టలకే ప్రవేశం. ఇంట్లో భర్త దక్షిణామూర్తి కూడా పాలియెస్టర్ చొక్కాతో స్టవ్ దగ్గరికి వెళ్లడానికి జంకుతాడు.

మొన్న మార్చిలో రిచ్‌మండ్ హిల్ నుంచి భరద్వాజ్ అనే కొనుగోళ్ల మేనేజరు వచ్చాడు. పెద్ద ఆర్డరు అతని చేతిలో ఉంది. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, ఒంటిమీద మెత్తటి పాలియెస్టర్ ఫ్లీస్ జాకెట్. కరిగించే గది చూడబోతే లక్ష్మీకాంతం గారు తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

“ఆ జాకెట్ తీసెయ్ బాబూ. నూలు కోటు వేసుకుని రా.”

“రెండు నిమిషాలే కదా ఆంటీ! చూసి వెళ్లిపోతా.”

“రవ్వకి రెండు నిమిషాలు అక్కర్లేదు.”

వెనకనుంచి ఫ్యాక్టరీ మేనేజరు గిల్ వదిలేయమని కళ్లతో బతిమాలుతున్నాడు. ఆవిడ అటు చూస్తే కదా!

భరద్వాజ్ విసుక్కుంటూ బట్టలు మార్చుకునే గదికి వెళ్లి జాకెట్‌ను తలమీదుగా లాగాడు. చిటపటమంది. జుట్టంతా నిక్కబొడుచుకుంది. ఇనప బీరువా ముట్టుకోగానే వేలికి చురుక్కుమని కెవ్వుమన్నాడు.

“కోటు ఇవ్వండి ఆంటీ,” అన్నాడు బుద్ధిగా.

ఆవిడ అతని చొక్కా, జీన్స్ అంచులను వేళ్లతో నలిపి చూసి, నూలేనని తేల్చుకున్నారు. కోట్లన్నీ ఉతుక్కి వెళ్లాయి, మిగిలింది ఆవిడదే. అది భరద్వాజ్‌కు నడుం దాటలేదు, చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. గిల్ గోడవైపు తిరిగి చాలాసేపు దగ్గాడు.

లోపల పెద్ద పాత్రలో రబ్బరు ముక్కలు నింపాదిగా తిరుగుతున్నాయి.

“ఇంకా కరగలేదేంటి? కొంచెం స్పీడ్ పెంచచ్చు కదా ఆంటీ?”

“ముందు ద్రావకం తాగి ఉబ్బాలి, తర్వాతే కరగడం. రేపు పొద్దుటిదాకా పడుతుంది. దాన్ని తొందరపెట్టకు, నన్నూ తొందరపెట్టకు.”

అతను గట్టిగా నవ్వాడు. వీపుమీద కుట్టు పర్రుమంది.

వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. తననే గుమ్మంలో ఆపినవాళ్లు సరుకులో తేడా రానివ్వరని భరద్వాజ్ పైవాళ్లకు రాశాడట. గిల్ కేకు తెప్పించాడు. ఆవిడ మాత్రం ఆర్డరు కాగితం చదివి అతనిమీద విరుచుకుపడ్డారు.

“ఇంత రబ్బరు ముక్కలు కొయ్యడానికి నాకేమైనా పది చేతులున్నాయా? ఇంకో మనిషిని పెట్టండి!”

గిల్ ఇద్దరిని పెట్టాడు.