హసన్‌పర్తి మిషన్ ముందు నా కుడికాలు

బడీ నేనూ ఏడో తరగతిలో విడిపోయాం. ముందు ఒప్పుకున్నది బడే. అలాంటి నన్ను పరిశోధనకు తోడు రమ్మంది మా అక్క బిడ్డ సరిత. బండి మీంచి పడి చేతికి కట్టు వేయించుకుంది. ఆమె పరిశోధన పెట్టె మోయడానికి ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనే.

పొద్దున ఎనిమిదింటికి కొత్తవాడలో షేరింగ్ ఆటో ఎక్కాం. పెట్టెలో ఉన్నది కంటికి ఆనని ముక్క: కంప్యూటర్‌లో సమాచారం దాచే అయస్కాంతపు పొరలు. పొరకూ పొరకూ మధ్య గీత శుభ్రంగా ఉందో, లోహాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడాలి. గీత కనిపిస్తేనే థీసిస్. ఈరోజు తప్పితే మిషన్ మళ్లీ దొరికేది ఆరునెలలకు.

పక్కనున్న పెద్దమ్మ పెట్టెలో ఏముందని అడిగింది. కంటికి కనపడనిదని సరిత చెప్పింది.

"మా కోడలు చేసే పనసొంటిదన్నట్టు" అంది పెద్దమ్మ.

హన్మకొండలో ఇడ్లీ తిన్నాం. చట్నీ రెండోసారి అడగొచ్చు, మూడోసారి చూపు మారుతుంది. అక్కడినుంచి బస్సు. పదిన్నరకు హసన్‌పర్తి కాలేజీలో ఉన్నాం.

మా వంతు పదకొండు నుంచి ఒంటిగంట దాకా. తెర మీద బొమ్మ ఒకటే వణుకుడు. మిషన్ నడిపే సారు ఏసీ ఆపాడు. లిఫ్టు ఆపించాడు. వాచ్‌మన్‌ను పంపి రోడ్డు మీద వడ్ల ట్రాక్టర్నీ ఆపించాడు. లోపల ఏమన్నా ఆపరేషన్ అయితాందా అని డ్రైవర్ తలగుడ్డ తీసి నిలబడ్డాడట. వణుకు మాత్రం ఆగలేదు. పన్నెండున్నర. సరిత కళ్లలో నీళ్లు.

సారు బల్ల కిందికి వంగి చూశాడు.

"పెద్దమనిషీ, ఆ కాలేందే?"

చూసుకుంటే నా కుడికాలు నేలను టకటకా తొక్కుతోంది. ముప్పై ఏళ్లు గుంట మగ్గం తొక్కిన కాలు. ఎక్కడ కూర్చోబెట్టినా జంపఖానా నేస్తుంది. నాకు చెప్పదు.

కుర్చీలో బాసింపట్టు వేసుకుని, కాలును రెండుచేతులా పట్టుకుని ఊపిరి బిగబట్టాను. తెర మీద చారలు నిలిచాయి. రంగు దిగని జంపఖానా అంచులా, మధ్యలో ఒక్క తేటగీత.

"వచ్చింది మామా" అని సరిత మంచి చేత్తో నా భుజం పట్టుకుంది.

ఒకటిన్నర బస్సుకు తిరుగు ప్రయాణం. కొత్తవాడ నుంచి హసన్‌పర్తి దగ్గరే. కాలు ఆపడమే దూరం. నేను కదలకుండా కూర్చోబట్టే సైన్సు గట్టెక్కిందని కండక్టర్‌కు చెప్పాను, ఆటోవాడికి చెప్పాను, ఇంటికెళ్లి మా ఆవిడకూ చెప్పాను.

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తలేదు.

"నువ్వు అడ్డం రాకుంటే పనైతదని తెల్సుకోనీకి గంత పెద్ద మిషినెందుకు? నన్నడిగితె చెప్పకపోదునా."