వస్తామన్న శనివారం

వెస్ట్‌మీడ్‌లో మా పక్కింటి సిల్వెస్ట్రో గారిని మా అమ్మాయి క్లారా ‘నోన్నో’ అని పిలిచేది. ఇటాలియన్‌లో తాతయ్య అని అర్థం. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కాలాబ్రియా నుంచి ఓడెక్కి వచ్చి, ముప్పై ఏళ్లు సిమెంటు పని చేసిన మనిషి. మా వీధి ఫుట్‌పాత్ తన చేతిపనేనని ఎవరొచ్చినా చూపించేవారు. భార్య పోయారు. ఒక్కగానొక్క కూతురు దేశానికి ఆ చివర, పెర్త్‌లో ఉండేది. ఎనభయ్యో ఏట కూడా పెరడంతా టమాటాలు పండించి, ఏడాదికి సరిపడా సాస్ కాచి, పాత బీరు సీసాల్లో నింపేవారు. మొదటిసారి ఆ సీసాలు మా గుమ్మంలో పెట్టి వెళ్తే, చర్చి వాళ్లెవరైనా చూస్తారని మా ఆయన ఎలియాజర్ గబగబా లోపల దాచేశారు.

1991 ఫిబ్రవరిలో, ఇక్కడ అది నడి ఎండాకాలం, సిల్వెస్ట్రో గారు కంచె దగ్గర నిలబడి అడిగారు. "సాటర్‌డే టొమాటో. యూ కమ్? నా చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి."

"ష్యూర్ అంకుల్, తప్పకుండా వస్తాం," అన్నాను.

ఆ రోజు చర్చి వాళ్ల బార్బీ, అంటే బార్బెక్యూ విందు, ఉందని నాకు అప్పటికే తెలుసు. తెనాలిలో పెరిగినదాన్ని, పెద్దవాళ్ల మొహం మీద రాలేమని చెప్పడం నాకు చేతకాదు. మా వైపు అలాంటి ‘వస్తాం’ని ఎవరూ పట్టించుకోరు. ఆయన పట్టించుకున్నారు.

"ముందే చెప్పుండాల్సింది మరియా, పాపం వెయిట్ చేస్తాడేమో," అన్నారు ఎలియాజర్ ఆ శనివారం కారులో.

"వాళ్ల చుట్టాలెవరో వస్తార్లెండి," అన్నాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆయన పెరట్లో సాస్ సీసాలు ఉడికించే డ్రమ్ము కింద నిప్పు ఇంకా ఉంది. బల్ల మీద మా ముగ్గురికీ కూడా కంచాలు పెట్టి ఉన్నాయి. ఆ ఎండలో పది పెట్టెల టమాటాలూ ఒక్కరే పిండి, కుర్చీలో వాలిపోయి ఉన్నారు. నేను తల దించుకుని ఇంట్లోకి వెళ్లిపోయాను. సోమవారం మా గుమ్మంలో పన్నెండు సీసాలు. సిగ్గు లేకుండా తిన్నాం కూడా. ఆయన ఏమీ అడగలేదు. క్షమించమని నేనూ అడగలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూనే ఆగస్టు వచ్చింది, ఆయన నిద్రలోనే పోయారు.

అంత్యక్రియల్లో కూతురు గ్రాజియెల్లా నా చేతులు పట్టుకుంది. "నాన్నని వృద్ధాశ్రమంలో చేర్చాలనుకున్నాను. టమాటాల రోజు ఫోన్ చేస్తే, మీరు పొద్దున్నుంచీ తోడున్నారనీ, ఒంటరివాణ్ణి కాదనీ చెప్పారు. అందుకే ఆ ఆలోచన మానుకున్నాను. మీ వల్లే తన ఇంట్లో ఉండగలిగారు."

ఎలియాజర్ నా వైపు చూశారు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆయన మాకూ తాతయ్యే కదా," అన్నాను.

ఆమె నన్ను కావలించుకుని ఏడ్చింది. నేను వద్దనలేదు.