చన్నీళ్లతో కలిపిన జొన్నపిండి

నా చిన్నప్పుడు, మహారాష్ట్రలోని మా విరూర్‌లో ఇంగ్లీషు గడగడా మాట్లాడే మనిషంటే పక్కింటి అక్క ఒక్కతే. చంద్రపూర్‌లో ఉండి డిగ్రీ చదివింది. అప్పుడప్పుడే ఇళ్లలోకి కేబుల్ టీవీ వస్తోంది. బయటి దేశాల కంపెనీలు వస్తాయట, ఇంగ్లీషు వస్తేనే ఉద్యోగాలట అని పెద్దవాళ్లంతా ఒకటే మాట. అలాంటి రోజుల్లో అక్క కంబోడియా అనే దేశం వెళ్లి, అక్కడి చిన్నపిల్లలకు జీతం తీసుకోకుండా రెండేళ్లు ఇంగ్లీషు చెబుతానంది. బయటి దేశాల పిల్లలంతా పుట్టుకతోనే ఇంగ్లీషు మాట్లాడతారనుకునేదాన్ని. వాళ్లకూ రాదట, నేర్పడానికి మా అక్క కావాలట! నాకు నోట మాట రాలేదు.

అయినా నాకు మాట రాకపోవడం కొత్తేమీ కాదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఒకటో తరగతిలో నా మరాఠీ విని పిల్లలంతా పగలబడి నవ్వారు. ఆ రోజు మూసిన నోరు మళ్లీ అమ్మ ముందు తప్ప ఎక్కడా తెరవలేదు. వాడకట్టంతా నన్ను మూగపిల్ల అనేవాళ్లు. అక్క మాత్రం పేరుపెట్టి పిలిచేది.

అక్క వాళ్ల నాయన పత్తి రైతు. కూతురంటే ప్రాణం, అందుకే పంపనన్నాడు.

"గాళ్లకు నీ మాట తెల్వదు, నీకు గాళ్ల మాట తెల్వదు. ఏం జెప్తవ్ బిడ్డా?"

అక్క పట్టు విడవలేదు. చివరికి ఆయన వాకిట్లో కూర్చున్న నన్ను చూపించి, "తెలుగు, మరాఠీ ముట్టకుంట గీ పిల్లతోని ఇంగ్లీషు మాట్లాడియ్యి. గప్పుడు పో, నేనేం అనను" అన్నాడు. నా వల్ల అక్క ప్రయాణం ఆగిపోతుందేమోనని నాకు ఒకటే దిగులు.

మర్నాటి నుంచి సాయంత్రాలు వాడకట్టు పిల్లలమంతా అక్క వాళ్లింట్లో చేరేవాళ్లం. పాఠం ఉన్నంతసేపూ ఆమె నోట ఇంగ్లీషు తప్ప మరో మాట లేదు. కడవలో చేయి పెట్టి "కోల్డ్" అని వణికేది. పొయ్యి మీది గిన్నె ముట్టుకోబోయి "హాట్" అని చేయి వెనక్కి లాక్కునేది. పుస్తకం లేదు, బెత్తం లేదు, అయినా మాకు అన్నీ అర్థమైపోయేవి. ఎలా అర్థమవుతున్నాయో తెలియక నోరెళ్లబెట్టి చూసేదాన్ని. మిగతా పిల్లలు పోటీపడి అరిచేవారు. నాకూ ఆ మాటలన్నీ వచ్చు, పెదవి దాటి ఒక్కటీ రాదు.

కొన్ని వారాలకు అక్క నాయన ఇక తేల్చేద్దామన్నట్టు వచ్చి గడపలో కూర్చున్నాడు. అక్క నన్ను పొయ్యి దగ్గరికి పిలిచి పళ్లెంలో జొన్నపిండి పోసింది. జొన్నపిండిని ఉడుకు నీళ్లతోనే కలపాలి, లేకపోతే తట్టేటప్పుడు రొట్టె పగిలిపోతుంది. మా ఇంట్లో అమ్మకు నీళ్లు కాచి ఇచ్చేది నేనే. అక్క తాపీగా కడవలోంచి చన్నీళ్లు ముంచి పిండిలో పోసింది. ముద్ద చేసి తట్టింది. అంచులన్నీ పగిలాయి. నా ప్రాణం కొట్టుకుపోతోంది. ఆమె ఏమీ ఎరగనట్టు మళ్లీ పిండి తీసుకుని, మళ్లీ కడవలోనే చెంబు ముంచింది.

"నో! నో! హాట్ వాటర్!"

అరిచింది నేనేనని తెలియడానికి నాకే కాసేపు పట్టింది. అక్క నాయన లేచి నిలబడ్డాడు. నన్ను చూశాడు, కూతురిని చూశాడు. "పో బిడ్డా. నువ్వు రాళ్లతోని సుత మాట్లాడిపిస్తవ్" అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. అక్క పిండి చేతులతోనే నన్ను ఎత్తుకుంది. ఆ నెలలోనే రైలెక్కింది.

మా వాడకట్టులో ఆమె అంత పల్చగా రొట్టె తట్టేవాళ్లు లేరు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆ క్షణాన గుర్తురాలేదంతే. ఇన్నేళ్లయినా ఆమె తెలివి తలచుకుంటే అబ్బురంగానే ఉంటుంది. ఇప్పుడు ఇంగ్లీషు నేర్చుకోవడానికి మా ఇంటికి వచ్చే పిల్లల్లో ఎవరైనా నోరు విప్పకపోతే మాట్లాడమని నేను బతిమాలను. వాళ్లకు బాగా వచ్చిన పనేదో కనుక్కుని, వాళ్ల ఎదురుగా కూర్చుని తప్పుగా చేయడం మొదలుపెడతాను.